నల్లరేగడిలో పునాది

తెలుగునేలపై ఇళ్ల పునాదులను ఎక్కువగా పాడుచేసింది బరువు కాదు, నీరు. గోడలూ కప్పూ కలిసి నేల మీద మోపే బరువు ఇల్లు కట్టిన ఏడు ఎంతో, యాభై ఏళ్ల తర్వాతా దాదాపు అంతే. నేలలోని తడి మాత్రం ఏటా పెరుగుతుంది, ఏటా తరుగుతుంది. నల్లరేగడి పరుచుకున్న గుంటూరు, ప్రకాశం, కృష్ణా, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లోనూ, తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ వైపునా ఈ హెచ్చుతగ్గులు మరీ ఎక్కువ. అక్కడి ఇళ్ల కట్టుబడి చరిత్ర చాలావరకు పునాది కిందికి నీరు చేరకుండా చూసుకున్న చరిత్రే.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. దాని రేణువులు పలుచని పొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్యకు చేరి వాటిని ఎడం చేస్తుంది, ఎండ తగిలితే అవి మళ్లీ దగ్గరవుతాయి. అందుకే ఆ నేల వానకు ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. తొలకరి నీరు ఆ నెర్రెల్లోంచి నేరుగా లోతుకు దిగిపోతుంది. ఇల్లు కట్టాక మధ్య గదుల కింది మట్టికి ఎండా వానా తగలవు కనుక అక్కడి తడి పెద్దగా మారదు. బయటి గోడల కింద మాత్రం వానాకాలంలో నేల లేస్తుంది, వేసవిలో దిగుతుంది. ముందుగా కుంగేది ఇంటి మూలలే. కిటికీ మూల నుంచి కప్పు దాకా ఏటవాలుగా పాకే బీటకు మూలం ఇక్కడే ఉంది. వానలు పడ్డాక బీట మూసుకున్నట్టు కనిపిస్తుంది, ఏప్రిల్ వచ్చేసరికి మళ్లీ తెరుచుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఉబ్బే మట్టి పైకి నెట్టే బలం చిన్న ఇంటి బరువును మించిపోగలదు. అందువల్ల ఈ నేలలో బరువైన పెద్ద కట్టడాల కంటే ఒంటి అంతస్తు ఇళ్లే ఎక్కువగా దెబ్బతింటాయి. తేలికపాటి ఇల్లు కదా, పునాది పైపైన ఉంటే చాలనుకోవడం నల్లరేగడిలో చెల్లదు.

ఇంటి అడుగున నీరు నిలవనివ్వని ఏర్పాట్లు తెలుగు ప్రాంతంలో శాతవాహనుల కాలం నుంచే కనిపిస్తాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరు తవ్వకాల్లో ఇటుక కట్టడాలతో పాటు బావులు, నీటితొట్లు, మురుగును నేలలోకి ఇంకించే గుంతలు బయటపడ్డాయి. వాడుక నీటిని గోడల పక్కన పారనివ్వకుండా ఒక దారి పట్టించి దూరంగా ఇంకించడం అప్పటికే అలవాటైన పని అన్నమాట. ఇక్ష్వాకుల నాగార్జునకొండలో మరో తెలివి కనిపిస్తుంది. అక్కడి స్తూపాలు కొన్నింటికి అడుగుభాగాన్ని చక్రం ఆకారంలో కట్టారు. నడుమ కుండ, చుట్టూ ఆకులు, బయట పట్టీ ఇటుకతో కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపారు. ఇటుక ఆదా అయింది, లోపలి మట్టి ఎటూ జారకుండా గదుల్లో బందీ అయింది. మట్టిని పక్కలకు పోనివ్వకుండా బిగించి ఉంచితే అది బరువు మోస్తుందన్న ఈ ఎరుక తర్వాతి కాలంలో ఇంకా పెద్ద ఎత్తున అక్కరకు వచ్చింది.

స్థలం మంచిచెడ్డలు చూసే పరీక్షలు శాస్త్రగ్రంథాల్లోకీ ఎక్కాయి. వరాహమిహిరుడి బృహత్సంహితలో రెండు పరీక్షలున్నాయి. మూరెడు గొయ్యి తవ్వి, ఆ మట్టితోనే దాన్ని మళ్లీ పూడ్చాలి. మట్టి మిగిలితే నేల ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే పనికిరాదు. రెండోది, గొయ్యిని నీటితో నింపి వంద అడుగులు నడిచి తిరిగి రావాలి, అప్పటికి నీరు తగ్గకపోతే మంచిది. మొదటి పరీక్షకు నేటి ఇంజనీర్ కూడా అర్థం చెప్పగలడు. గట్టిగా కూరుకున్న మట్టిని తవ్వితే వదులై ఎక్కువవుతుంది, ముందే గుల్లగా ఉన్న నేలలో పూడ్పుకు చాలదు. రెండో పరీక్షను మాత్రం నల్లరేగడిలో నమ్మలేం. తడిసి ఉబ్బిన రేగడిలో నీరు ఎంతసేపైనా కదలదు. అంటే ఇంటికి చేటు చేసే నేలే ఆ పరీక్షలో నెగ్గుతుంది. అదే నేల వేసవిలో నెర్రెలతో నీటిని క్షణాల్లో తాగేస్తుంది. ఏ ఋతువులో చూశామన్నది లెక్కలోకి రాని పరీక్ష ఈ మట్టి గురించి సగమే చెబుతుంది. ఊళ్లలో మేస్త్రీలు గ్రంథాల కంటే పక్కింటి గోడల మీది బీటలను, చేలో వేసవి నెర్రెల వెడల్పును చూసి పునాది లోతు తేల్చడం ఇంతకంటే నమ్మదగిన పద్ధతి.

పునాది రక్షణలో తెలుగువారి అతి పెద్ద ప్రయోగం కాకతీయుల ఇసుక పునాది. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడికీ, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిలిపిన రామప్ప గుడికీ అడుగున ఉన్నది రాతి దిమ్మ కాదు, కూరిన ఇసుక. గుడి వైశాల్యానికి తగ్గట్టు పెద్ద గొయ్యి తీసి, అందులో ఇసుక నింపి నీటితో దిగవేసి, దాని మీద రాతి పీఠాన్ని పేర్చారు. ఇసుకలో సున్నం, బెల్లం, కరక్కాయ కషాయం వంటివి కలిపారని కూడా చెబుతారు. 2021లో రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు చర్చకు వచ్చిన విశేషాల్లో ఈ పునాది ఒకటి, శిఖరానికి వాడిన తేలిక ఇటుకలు మరొకటి. ఈ రెంటినీ కలిపి చూడాలి. పైన బరువు తగ్గించారు, కింద బరువును సమంగా పంచే పరుపు వేశారు.

ఇసుకనే ఎందుకు ఎంచుకున్నారన్నది మట్టి గుణం తెలిస్తే అర్థమవుతుంది. ఇసుక తడికి ఉబ్బదు, ఎండకు కుంచించుకుపోదు. కదలడానికి చోటు లేకుండా నాలుగు వైపులా బిగించి ఉంచితే చాలా బరువును మోస్తుంది. పైనున్న రాళ్లలో ఒకటి కాస్త ఎక్కువ నొక్కినా ఇసుక సర్దుకుని బరువును పక్కలకు పంచుతుంది. నేల అదిరినప్పుడు ఆ కుదుపును కొంత తనలోనే అణచుకుంటుంది. చుట్టూ ఉన్న మట్టి ఏటా ఉబ్బి తగ్గినా ఆ కదలిక గుడిదాకా రాకుండా ఇసుక నడుమ అడ్డుపడుతుంది. అయితే ఈ పద్ధతికి ఒక షరతుంది. ఇసుక ఉన్నచోటనే ఉండాలి. దారి దొరికి నీటితో పాటు కాస్త కాస్త జారిపోతే పైనున్న రాళ్లు కుంగుతాయి. రామప్ప మండపంలో నేల కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా ఉండటం చూసినవారికి తెలుసు. వేయిస్తంభాల గుడి కల్యాణమండపం స్తంభాలు ఒరిగిపోవడంతో, ఈ శతాబ్దం మొదట్లో మండపాన్ని రాయి రాయిగా విప్పి, అడుగున మళ్లీ ఇసుక పునాదినే వేసి నిలబెట్టారు. పని ఏళ్ల తరబడి సాగి 2024 మార్చిలో ముగిసింది. కాంక్రీటు అందుబాటులో ఉండగా ఎనిమిది శతాబ్దాల నాటి పద్ధతికే తిరిగి వెళ్లడం కేవలం పాతదనం మీద గౌరవంతో చేసింది కాదు. గుడి మిగతా భాగమంతా ఇసుక మీద ఉండగా మండపాన్ని మాత్రం కదలని దిమ్మ మీద పెడితే రెండూ రెండు రకాలుగా దిగుతాయి.

గుళ్లకు పట్టినంత ఇసుక, అంతమంది మనుషులు మామూలు ఇంటికి దొరకవు. ఊళ్లో ఇల్లు కట్టేవారు అదే బుద్ధిని చిన్న కొలతలో వాడుకున్నారు. ముగ్గు పోసి, గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వడం మొదటి నియమం. రేగడి పొర పలుచగా ఉన్న ఊళ్లలో అడుగున సుద్దనేలో మొరమో తగులుతుంది. అక్కడ పని సుఖం. రేగడి లోతుగా ఉన్నచోట తవ్విన నల్లమట్టిని మళ్లీ పునాదిలో వేయకుండా బయట పారబోసి, దాని స్థానంలో ఇసుకో గరుసో నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టేవారు. ఆ పైన బొంతరాయి పేర్చి అడుసుతోనో సున్నంతోనో కట్టేవారు. ఇసుక కంటే బంకపాలు కలిసిన గరుసే ఇక్కడ మేలు. వట్టి ఇసుక నింపిన కందకంలోకి పైనుంచి వాన నీరు దిగితే, చుట్టూ నీరు వదలని రేగడి ఉంది కనుక ఆ నీరు తొట్టిలో నిలిచినట్టు నిలిచి పునాదిని నానబెడుతుంది. ఇసుక పోసినవారు కూడా పైన జానెడు గరుసు కప్పి గట్టిచేయడం ఇందుకే.

పునాది కంటే దాని చుట్టూ చేసిన ఏర్పాట్లలోనే పాత ఇంటి అసలు తెలివి ఉంది. మట్టిగోడ మోకాలెత్తు దాకా రాతితో లేచేది. చూరు నుంచి పడే నీరు చిమ్మి మట్టిని కోయకుండా అది కాపాడేది. చూరు గోడకు బాగా ఎడంగా చాచి ఉండేది. వీధివైపు అరుగు కూర్చోవడానికీ కబుర్లకూ ఎంత పనికొచ్చేదో, బయటి గోడ కింది నేలను ఎండకూ వానకూ అందకుండా కప్పి ఉంచడానికీ అంతే పనికొచ్చేది. రేగడి ఎక్కువగా కదిలే అంచు ఇంటి గోడ కింద కాక అరుగు చివరకు జరిగేది. అరుగు బీటవారినా ఇల్లు బాగుండేది, ఏటా ఎర్రమన్ను, పేడ కలిపి అలికేటప్పుడు ఆ బీటలు పూడిపోయేవి. చూరు నీళ్లు పడేచోట నాపరాళ్లు పరిచి వాలు పెట్టి కాలువలోకి వదిలేవారు. కడప, బేతంచెర్ల, మాచర్ల, తాండూరు ప్రాంతాల్లో పలకలుగా విడివడే రాయి పుష్కలం కనుక అక్కడి చుట్టుపక్కల ఊళ్లకు ఇది చవకైన కాపు. ఒకరి చూరు నీళ్లు మరొకరి గోడ పక్కన పడకూడదన్న కట్టడి గట్టిగా ఉండేది. దాని మీద ఎన్నో తగాదాలు పెద్దమనుషుల ముందుకు వెళ్లేవి. ఆ పట్టుదలకు కారణం ఉంది, పక్కవాడి నీళ్లు నిజంగానే గోడను కూల్చగలవు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లోని మండువా లోగిళ్లలో ఈ సమస్య ఇంటి నడిబొడ్డునే ఉండేది. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి, వాన నీరంతా మండువాలో పడుతుంది. అది క్షణం కూడా నిలవకూడదు. అందుకే మండువాను చుట్టూ ఉన్న వసారాల కంటే పల్లంగా కట్టి, అడుగున బండలు పరిచి, గచ్చుతో అతుకులు బిగించి, గదుల కిందుగా తూము పెట్టి నీటిని పెరట్లోకి పంపేవారు. ఆ తూము పూడకుండా చూసుకోవడం ఇంటివారి పనుల్లో ముఖ్యమైనది. తూము మూసుకుపోయిన లోగిలిలో ముందు నడిమి స్తంభాల కింద నేల కుంగుతుంది. వరద తాకే డెల్టా ఊళ్లలో ఇంటి మట్టాన్ని వీధి కంటే బాగా ఎత్తు చేసేవారు, మెట్లెక్కి అరుగు మీదికి వెళ్లే ఇళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

కలిగినవారి ఇళ్లలో అడుసుకు బదులు గానుగ సున్నం వాడేవారు. గుండ్రని రాతి తొట్టిలో సున్నం, ఇసుక పోసి, ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద రోజుల తరబడి నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ ఊరబెట్టిన నీళ్లు కలిపేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. ఈ నెమ్మదితనమే నల్లరేగడిలో మేలు చేసింది. ఇల్లు తొలి ఏళ్లలో కాస్త కదిలినా సున్నపు కట్టు ఆ కదలికను చాలా సన్నని బీటలుగా పంచుకుంటుంది. వాటిలోకి దిగిన తడి సున్నాన్ని కరిగించి మళ్లీ అక్కడే పేరుస్తుంది కనుక సన్నటి బీటలు తమంతట తాము పూడతాయి. పునాది నుంచి గోడలోకి ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి ఆవిరై బయటికి పోతుంది.

నదుల పక్కన నేల సమస్య వేరు. అక్కడ అడుగున ఉన్నది లోతు తెలియని ఇసుక, దాన్ని కోసుకుపోయే ప్రవాహం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ గోదావరి ఇసుక మీదనే నిలిపాడు. ఇసుకలో పునాది ఎలా నిలపాలో కావేరి మీది పాత ఆనకట్టను కట్టినవారి నుంచే నేర్చుకున్నామని ఆయన ఒప్పుకున్నాడు. ఇటుక బావులను కట్టి, లోపలి ఇసుకను తోడుతూ వాటిని దించి, వాటి మీద కట్టడం లేపే పద్ధతి తర్వాత గోదావరి మీది రైలు వంతెనలకూ వాడారు. కాలువలు వచ్చాక డెల్టాలో భూమి విలువతో పాటు నేలలోని నీటి మట్టమూ పెరిగింది. పాత ఊళ్లలో గోడలకు చెమ్మ ఎక్కడం, ఉప్పు పొంగి పూత రాలడం ఎక్కువైంది.

వరదలు పునాదులకు పెట్టిన పరీక్ష మరీ కఠినమైనది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు హైదరాబాద్‌లో వేలాది ఇళ్లు కూలాయి. అడుసుతో కట్టిన రాతిగోడ నీటిలో మునిగితే రాళ్ల మధ్య మట్టి కరిగిపోతుంది. గోడ తరచుగా వరద ఉన్నప్పుడు కాక తీసేటప్పుడు కూలుతుంది. వెలుపలి నీటి ఆనుడు పోయాక, నానిన గోడ తన బరువును తానే మోయలేదు. ఆ విపత్తు తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నూరేళ్లకు, 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగినప్పుడు పాతబస్తీలో మట్టికట్టు గోడలు కూలిన తీరూ ఇదే.

స్వాతంత్ర్యం తర్వాత సిమెంటు సున్నాన్ని తోసిరాజన్నది. సిమెంటు త్వరగా గట్టిపడుతుంది, బరువు బాగా మోస్తుంది, కానీ కదిలే నేల మీద వంగదు. సున్నపు కట్టులో సన్నగా విడిపోయే కదలిక సిమెంటు గోడలో ఒకే పెద్ద బీటగా చీలుతుంది. పాత గోడలకు సిమెంటు పూత వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుని ఇంకా పైకి ఎగబాకుతుంది. సిమెంటు బలాన్ని నల్లరేగడికి తగ్గట్టు మలచడానికి కొత్త ఆలోచన కావలసి వచ్చింది. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ 1950ల్లో దాన్ని అందించింది. చేతితో తిప్పే బర్మాతో నేలలో సన్నని గొట్టంలాంటి గొయ్యి తవ్వి, అడుగున ప్రత్యేకమైన పనిముట్టుతో దాన్ని గుండ్రంగా వెడల్పు చేసి, ఇనుము దించి కాంక్రీటు పోస్తారు. అడుగున ఏర్పడే ఉబ్బు పైగొట్టానికి రెండున్నర రెట్లు వెడల్పు ఉంటుంది. లోతైన రేగడిలో సాధారణంగా 3.5 మీటర్ల దాకా దించుతారు. ఆ లోతున ఋతువులతో తడి పెద్దగా మారదు. పైన మట్టి ఉబ్బి ఇంటిని లేపబోతే అడుగునున్న ఉబ్బు లంగరులా పట్టి ఉంచుతుంది. ఈ స్తంభాలను కలిపే దూలాన్ని నేలకు తగలనివ్వరు. కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే, మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బుతుంది. ఖరీదు తక్కువ, యంత్రాలు అక్కర్లేదు కనుక ప్రభుత్వ క్వార్టర్లు, బడులు, ఇళ్లకు ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

ఆ తర్వాత ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి మరో దారి చూపారు. ఉబ్బే మట్టి మీద, ఉబ్బని బంకమట్టిని ఒక మీటరు మందాన పరిచి గట్టిచేస్తే కింది మట్టి ఉబ్బడం బాగా తగ్గుతుందని ఆయన నిరూపించారు. కాలువల గట్లకూ అడుగులకూ మొదట వాడిన ఈ పద్ధతి ఇళ్లకూ వచ్చింది. తవ్విన నల్లమట్టిని పారబోసి గరుసు వేసి దిమ్మిస కొట్టిన మేస్త్రీ చేతిపనికి ఇది లెక్కలు కట్టిన రూపం అనవచ్చు. రేగడిలో సున్నం కలిపితే దాని ఉబ్బే గుణం తగ్గుతుందని కూడా ప్రయోగాలు తేల్చాయి.

పునాది దారిన ఇంట్లోకి చేరే మరో శత్రువు చెదలు. పాత రోజుల్లో పుట్టను తవ్వి రాణిని తీసేయడం, గోడ కింద రాతికట్టు ఉంచడం, కలపను నేలకు తగలనివ్వకపోవడంతో సరిపెట్టుకున్నారు. తర్వాత ఆల్డ్రిన్, క్లోర్డేన్ వంటి మందులను పునాది కందకాల్లో పోశారు. అవి నేలలో ఏళ్ల తరబడి విషంగా మిగులుతాయని తేలి నిషేధించారు. ఇప్పుడు వాడుతున్నవి వాటికంటే త్వరగా విరిగిపోయే మందులు.

ఇటీవలి దశాబ్దాల్లో పునాది మరింత బలపడింది, దాని చుట్టూ ఉన్న కాపు మాత్రం పోయింది. స్తంభాల ఇల్లు మామూలైంది, స్థలం మొత్తం కట్టేయడంతో అరుగు పోయింది, చూరు చిన్నదైంది. డాబా నీళ్లు గొట్టం గుండా గోడ మొదట్లోనే పడుతున్నాయి. సెప్టిక్ ట్యాంకు, స్నానాల గది గొట్టాలు పునాదిని ఆనుకునే ఉంటున్నాయి. కారుతున్న ఒక్క అతుకు రేగడిని ఏడాది పొడవునా తడిపి ఒక మూలను లేపగలదు. గోడ పక్కన పెరిగిన వేప, రావి మాకులు వేసవిలో రేగడిలోని తడిని లాగి ఆ మూలను కుంగదీస్తాయి. ఇంటి దగ్గర రావి, మర్రి పెరగకూడదన్న పాత కట్టుబాటుకు మతపరమైన కారణాలు ఏవైనా, పునాదికి అది మేలే చేసింది. అన్నిటికంటే పెద్ద మార్పు వీధిలో వచ్చింది. సిమెంటు రోడ్డు పాడైన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదనే కొత్తది పోయడంతో రోడ్డు ఇంటి మట్టాన్ని దాటింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాలి. వాన పడితే వీధి నీరు గడప దాటుతుంది, దాటకపోయినా గోడ పక్కన నిలిచి పునాదిలోకి ఇంకుతుంది.

కాపు పోయిన పునాదికి చేయగలిగిన మరమ్మతులు కొన్ని ఉన్నాయి. ఇంటి చుట్టూ మీటరు వెడల్పున వాలుగా బండలో కాంక్రీటో పరిచి, గోడకూ దానికీ మధ్య అతుకును తారుతో మూయడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముందు చేయవలసింది. కుంగిన మూలకు కింద గోతులు కొద్ది కొద్దిగా తవ్వుతూ, ఒక్కో భాగాన్నీ లోతుకు దించి కట్టుకుంటూ పోవడం రెండోది. రోడ్డు కంటే పల్లమైపోయిన ఇళ్లకు కొత్తగా వచ్చిన పని జాకీలతో ఇల్లు లేపడం. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో ఈ పని చేసే బృందాలు ఎక్కువగా హర్యానా నుంచి వస్తున్నాయి. గోడల కింద వరసగా రంధ్రాలు చేసి, ఇనుప దూలాలు దూర్చి, వందలాది జాకీలను ఒకే లెక్కన తిప్పుతూ ఇంటిని మూడు నాలుగు అడుగులు లేపుతారు. ఆ ఖాళీని ఇటుకతో కట్టి, లోపల మట్టి నింపుతారు. లేపిన ఇంటి కింద ఏం నింపుతున్నారు, నీటి గొట్టాలను ఎటు మళ్లిస్తున్నారు, చుట్టూ వాలు పెట్టారా అన్నవి చూసుకోకపోతే అదే రేగడి కొత్త గోడలను మళ్లీ చీలుస్తుంది. అనుభవమున్న మేస్త్రీలు ఇక్కడ గరుసే అడుగుతారు, తవ్విన నల్లమట్టిని తిరిగి వేయనివ్వరు.